దొంగజేబు కుట్టు

డబ్బు లేక కష్టాలు పడ్డవాళ్ళ కథలు చాలా ఉంటాయి. నాది అది కాదు. నా కష్టాలన్నీ డబ్బు జేబులో ఉండగానే వచ్చాయి. లేనివాడు చెప్పుకుంటే పదిమంది అయ్యో అంటారు. ఉన్నవాడు కట్టాల్సింది కట్టకుండా, తేవాల్సింది తేకుండా చేతులూపుకుంటూ ఇంటికొస్తే ఎవరూ అయ్యో అనరు, మొహం పక్కకు తిప్పుకుంటారు. అలా తిప్పుకున్న మొహాలు నా జన్మలో చాలానే చూశాను. వాటిలో ఒకటి నా భార్యది. రాయాలనుకున్నది దాని గురించే.

డెబ్బైల మొదట్లో మేము మియాపూర్‌లో ఒక గూనపెంకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఒకటే గది, ముందు చిన్న అరుగు. బొంబాయి రోడ్డు మీద ఒక పెద్ద ఫ్యాక్టరీలో నేను ఫిట్టర్ని. మెషీన్లు ఆగిపోతే బాగుచేసే పని నాది. నా భార్యది ఖాజాగూడ. అక్కడ గుట్టల కింద చెరువు, చెరువు కింద వాళ్ళ నాన్న రెండెకరాల వరి. పెళ్ళిలో వాళ్ళమ్మ ఆమె మెడలో గుండ్లు వేసింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, గుండ్లంటే లోపల లక్క నింపిన బంగారు పూసలు, దారానికి వరసగా గుచ్చి మెడకు కట్టుకుంటారు. ఆ ఇంట్లో ఆడపిల్లకు ఇచ్చే ఆస్తి అదొక్కటే. ఆ గుండ్లను నేను ఎట్లా పోగొట్టానో చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

మా వైపు నాలాంటివాణ్ణి సోయి లేనోడు అంటారు. చిన్నప్పుడు మా నాన్న అనేవాడు, తర్వాత మా పంతులు అన్నాడు, పెళ్ళయ్యాక అత్తగారి ఊళ్ళో అన్నారు. నూనె కోసం సీసా పట్టుకుని బయల్దేరి, దారిలో ఎవడో మోటారు విప్పుతుంటే చూస్తూ నిలబడి, చీకటి పడ్డాక ఖాళీ సీసాతో ఇంటికొచ్చిన రోజులు నాకే లెక్కలేదు. తెలివి తక్కువ అనడానికి లేదు. ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మెషీన్ ఆగిపోతే మా ఫోర్‌మన్ ముందు నా పేరే పిలిచేవాడు. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. "కాస్త వచ్చి చూడవయ్యా, దీని రోగం నీకు తప్ప ఎవరికీ దొరకదు" అనేవాడు. నిజంగానే దొరికేది. ఒకసారి మెషీన్ కిందికి దూరానంటే ఆకలి, దాహం, షిఫ్టు బెల్లు ఏవీ తెలిసేవి కావు. అదే నేను నెలకు ఒక్కసారి కరెంటు బిల్లు కట్టడానికి మూడుసార్లు బయల్దేరి మూడుసార్లూ కట్టకుండా వచ్చేవాణ్ణి. ఇందులో ఏది నిజమైన నేనో అప్పట్లో నాకు తెలిసేది కాదు, కోపం మాత్రం వచ్చేది. ఎవరి మీదో తెలియని కోపం.

జీతం ఏడో తారీఖున కవర్లో పెట్టి ఇచ్చేవాళ్ళు. స్టాంపు మీద సంతకం పెట్టి కవరు తీసుకుని గేటు దాటితే అక్కడ చాయ్ హోటల్ అతను, బట్టలు వాయిదాలకు అమ్మే అతను, బూట్లు అమ్మే అతను వరసగా నిలబడి ఉండేవాళ్ళు. ఎవరు ముందు చెయ్యి పట్టుకుంటే వాళ్ళకు ఇచ్చేవాణ్ణి. చెయ్యి పట్టుకోనివాళ్ళకు ఎంత బాకీ ఉన్నానో అసలు గుర్తుండేది కాదు. మా ఇంటి ఓనరు పాపం పెద్దమనిషి, అడగడానికి మొహమాటపడేవాడు. అందుకని ఆయనకే మూడు నెలల కిరాయి పడిపోయింది. అడగనివాణ్ణి ముంచాను, అరిచినవాడికి కట్టాను. ఒకసారి జీతం రోజున సైకిల్‌కు డైనమో లైటు కొనుక్కొచ్చాను. మా ఇంట్లో అప్పటికి సైకిల్‌కు లైటు ఉంది. అది కూడా నేను ఆరు నెలల కింద కొన్నదే.

నా భార్యకు చదువు రాదు. లెక్క మాత్రం నోట్లోనే ఉంటుంది. పాత చీర ముక్కలతో నాలుగు సంచులు కుట్టింది. ఎర్రది కిరాయికి, నీలంది పాలవాడికి, పచ్చది కిరాణాకు, తెల్లది చిట్టీకి. జీతం రాగానే నోట్లు విడదీసి వాటిలో పెట్టేది. ఆ ఏర్పాటు రెండు నెలలు బంగారంలా నడిచింది. మూడో నెల నేను పాలవాడికి ఇవ్వడానికి చిల్లర లేక ఎర్ర సంచిలోంచి తీశాను, మళ్ళీ పెడదామనుకున్నాను. మళ్ళీ పెట్టేవాడినైతే ఈ రాత ఎందుకు. చివరికి సంచులన్నీ ఉండేవి, ఏ సంచిలో ఏముండాలో అది ఉండేది కాదు. అప్పుడు ఆమె ఇంకో ఉపాయం చెప్పింది. చెయ్యాల్సిన ఒక్కో పనికీ రుమాలుకు ఒక్కో ముడి వెయ్యమంది. వేశాను. సాయంత్రం నాలుగు ముళ్ళతో ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, ఏ ముడి దేనికి వేశానో గుర్తు తెచ్చుకుంటూ ఉండిపోయాను. ఆమె చూసి ఫక్కున నవ్వింది. ఆ రోజుల్లో ఇంకా నవ్వేది.

మా బాబుకు ఏడాదిన్నర వయసులో టైఫాయిడ్ వచ్చింది. పదిహేను రోజులు దవాఖానలో ఉన్నాం. అప్పుడు గుండ్లు లింగంపల్లి బజారులో ఒక సేటు దగ్గర కుదువ పెట్టాం, మూడు వందలకు. నెలకు ఆరు రూపాయల వడ్డీ, మా మాటలో మిత్తి. బాబు బతికాడు. గుండ్లు ఇచ్చి పిల్లవాణ్ణి తెచ్చుకున్నామని ఆమె ఎప్పుడూ బాధపడలేదు. బాధంతా మిత్తి దగ్గర మొదలైంది. నెలకు ఆరు రూపాయలు నా దగ్గర లేక కాదు. ఆ బజారులోంచే వారానికి మూడుసార్లు సైకిల్ మీద పోయేవాణ్ణి. సేటు దుకాణం కనిపించినప్పుడు పైసలు ఇంట్లో ఉండేవి, పైసలు జేబులో ఉన్నప్పుడు నా ధ్యాస ఎక్కడో ఉండేది. ఏడాది గడువు దాటింది. సేటు ఒకసారి ఆగాడు, రెండోసారి ఆగాడు. మూడోసారి నా భార్యే నాతో వచ్చి బతిమాలింది.

"పదునాలుగు నెలలైంది అమ్మా" అన్నాడు సేటు. "నేను గూడ పైసలు తెచ్చి పెట్టినోణ్ణే. వచ్చే శనివారం దాక చూస్త. సాయంత్రం దుకాణం బంద్ చేసేదాక చూస్త. ఆ తర్వాత పట్నం పంపిస్త, కరిగిస్తరు. మళ్ళ నన్ను అనొద్దు."

మిత్తితో కలిపి మూడు వందల ఎనభై నాలుగు రూపాయలు. ఆమె తొందరకు ఇంకో కారణం కూడా ఉంది. శనివారం దాటి నాలుగు రోజులకు ఖాజాగూడలో ఆమె తమ్ముడి పెళ్ళి. ఇంటి ఆడపడుచు బోసి మెడతో పందిట్లో తిరిగితే నలుగురూ చూస్తారు. నలుగురి సంగతి పక్కన పెట్టినా, వాళ్ళమ్మ చూస్తుంది. గుండ్లు కుదువలో ఉన్న సంగతి వాళ్ళమ్మకు చెప్పలేదు.

ఉన్న దారి ఒకటే, చిట్టీ. మా షాపులో, అంటే ఫ్యాక్టరీలో మా విభాగంలో, ఇరవై మందిమి నెలకు యాభై చొప్పున కడుతున్నాం. జీతం తర్వాత వచ్చే ఆదివారం ఒక సీనియర్ మేస్త్రీ ఇంటి ముందు పాట జరిగేది. వెయ్యి రూపాయల్లో ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల డబ్బు వాళ్ళది. వదులుకున్నది మిగతావాళ్ళకు పంచుతారు. తర్వాత అందరితో పాటు నెలనెలా యాభై కట్టుకుంటూ పోవాలి. నా భార్య నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "రెండొందల యాభై దాక పాడు. గంతకు మించి పోతే ఊకో. మంది దగ్గర బదులు తీస్కుందాం గని నష్టానికి తెచ్చుడొద్దు. యాదుంటదా?"

"ఉంటది" అన్నాను.

పాటలో కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది ఆ వేడి ఏమిటో. నూటయాభై అన్నాడొకడు. నూటెనభై అన్నాను. రెండొందలు అన్నాడు ఇంకొకడు. నాకు ఎన్నడూ లేనంత హుషారు వచ్చింది. రెండొందల యాభై ఎప్పుడు దాటిందో నాకు తెలియదు. మూడొందలు అన్నాను. అందరూ ఆగిపోయారు. మేస్త్రీ ఒకటోసారి, రెండోసారి అంటున్నాడు. ఆ నిశ్శబ్దం నేను పట్టలేకపోయాను. ఎవరో ఏదో అనబోతున్నట్టు అనిపించింది. "మూడొందల ఎనభై!" అని అరిచాను.

 అందరూ పడి పడి నవ్వారు. నా పాట మీద నేనే పాడాను. నేను కూడా నవ్వాను, నవ్వక ఏం చేస్తాను. మూడొందలకే ఇచ్చెయ్యమని ఒకరిద్దరు మేస్త్రీతో అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "నోట్లెకెళ్ళి వచ్చిన పాటకు వాపస్ లేదు. ఇయ్యాల ఈయనకు మాఫ్ చేస్తే రేపు అందరు గిట్లనే అంటరు" అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. వెయ్యికి ఆరు వందల ఇరవై పట్టుకుని ఇంటికి పోయాను.

నా భార్య నోట్లు లెక్కపెట్టింది. ఎంతకు పాడావని అడిగింది. చెప్పాను. ఎట్లా జరిగిందో కూడా చెప్పాను, నవ్వుతుందేమోనని. నవ్వలేదు. మూడు వందల ఎనభై నాలుగు తీసి పక్కన పెట్టింది, మిగిలింది ఎర్ర సంచిలో, పచ్చ సంచిలో సర్దింది. తర్వాత నా మంచి చొక్కా తీసింది, పెళ్ళికి వేసుకోవాల్సింది. దాని లోపలి వైపు ఎడమ చంక కింద ఒక గుడ్డ ముక్కతో దొంగజేబు కుట్టింది. కుదువ చీటీని, నోట్లను కాగితంలో మడిచి అందులో పెట్టి, జేబు మూతి కూడా దారంతో కుట్టేసింది. వంటింటి పీట మీద కూర్చుని, కుట్టు కుట్టుకూ గట్టిగా లాగుతూ.

"ఇగ నీ చెయ్యి పోదు దీంట్లకు" అంది. "సేటు ముంగట్నే బ్లేడుతోని కొయ్యి. అప్పటిదాక ముట్టకు. సోమవారం పని అయినంక సీదా పో. గుండ్లు తీస్కొని ఆదివారం మా ఊరికి రా."

"నా మీద అంత నమ్మకం లేదా?" అన్నాను. నాకు పౌరుషం వచ్చింది.

"నీ మీద ఉన్నది. నీ చెయ్యి మీదనే లేదు" అంది.

సోమవారం పొద్దున్నే ఆమెను, బాబును వాళ్ళ తమ్ముడు వచ్చి ఖాజాగూడ తీసుకుపోయాడు, పెళ్ళి పనులకు. గుండ్లు దారం మార్చడానికి ఇచ్చామని, నేను తెస్తానని వాళ్ళమ్మతో చెప్పుకుంటానంది. నేను ఆ చొక్కా వేసుకునే పనికి పోయాను. షాపులో ఖాకీ బట్టలు మార్చుకుని చొక్కా మేకుకు తగిలించాను. రెండున్నరకు షిఫ్టు అయిపోవాలి. రెండింటికి పెద్ద ప్రెస్సు ఆగిపోయింది. ఫోర్‌మన్ మెట్లు దిగి వస్తుండగానే నేను దాని కిందికి దూరాను. అది దొరికేసరికి మరుసటి రోజు మధ్యాహ్నం అయింది. అందరూ భుజం తట్టారు. చొక్కా వేసుకుని ఇంటికి పోయి, విప్పి దండెం మీద వేసి పడి నిద్రపోయాను. మంచి చొక్కా కదా, మళ్ళీ పెళ్ళి దాకా ముట్టుకోలేదు.

బుధవారం ఒక బేరింగు కోసం ఫోర్‌మన్‌తో కలిసి లింగంపల్లి బజారుకే పోయాను. సేటు దుకాణం పక్క దుకాణంలో చాయ్ తాగాం. ఇది తర్వాత గుర్తు చేసుకున్న సంగతి. ఆ రోజు అటు చూశానో లేదో కూడా చెప్పలేను. చూసే ఉంటాను. చూసినా నాకు ఏమీ తట్టలేదు. ఇంత వయసొచ్చినా, ఆ చాయ్ తాగిన పది నిమిషాలు గుర్తొస్తే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

గురువారం బావమరిది ఒక మనిషితో కబురు పంపాడు. పందిట్లోకి నాలుగు గ్యాసులైట్లు దొరికాయి, కిరాసనాయిలువి, కానీ ఒక్కటీ వెలగడం లేదు, బావ చూస్తాడా అని. లైట్లు కూడా ఆ మనిషితోనే పంపాడు. ఇక నాకు లోకం లేదు. అరుగు మీద బస్తా పరిచి నాలుగింటినీ విప్పాను. పంపులు, వాషర్లు, సూదులు అన్నీ కడిగి, అరిగినవాటికి తోలు కత్తిరించి కొత్తవి చేశాను. శుక్రవారం పని నుంచి రాగానే అదే పని. శనివారం కూడా అదే పని. సాయంత్రం వీధి వాళ్ళందరినీ పిలిచి నాలుగు లైట్లూ ఒకేసారి వెలిగించాను. పగలులా అయింది. సరిగ్గా ఆ వేళకే లింగంపల్లిలో సేటు దుకాణం తలుపులు వేసుకుంటూ ఉండి ఉంటాడు. నేను మాత్రం ఆ సాయంత్రం ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను. అత్తగారి ఇంట్లో మొదటిసారి నన్ను సోయి లేనోడు అనరు అనుకున్నాను.

ఆదివారం తలకు పోసుకుని, మంచి చొక్కా వేసుకుని, సైకిల్ వెనక రెండు, ముందు రెండు లైట్లు కట్టుకుని బయల్దేరాను. కొండాపూర్ మీదుగా సీతాఫలం పొదల మధ్య బాట. ఖాజాగూడ చేరేసరికి మధ్యాహ్నం. పందిరి వేస్తున్నారు. బావమరిది పరుగెత్తుకొచ్చి లైట్లు దించుకున్నాడు. మా మామ కూడా లేచి వచ్చి "శెబాష్ అల్లుడా" అన్నాడు. నా భార్య పసుపు దంచుతున్నదల్లా లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నవ్వుతూ వచ్చింది. మెల్లగా అడిగింది.

"తెచ్చినవా?"

"నాలుగు గూడ తెచ్చిన. ఎట్ల వెలుగుతయో చూడు" అన్నాను.

"లైట్లు కాదు. గుండ్లు."

నా చెయ్యి దానంతటదే ఎడమ చంక కిందికి పోయింది. దొంగజేబు ఉంది. లోపల గట్టిగా కాగితపు మడత తగిలింది. మూతి మీద కుట్టు కుట్టినట్టే ఉంది, ఒక్క దారం కూడా ఊడలేదు. ఆమె నా మొహం చూసింది. తర్వాత తను కూడా చెయ్యి పెట్టి తడిమి చూసింది. మూడు వందల ఎనభై నాలుగు రూపాయలు అక్కడే ఉన్నాయి. ఏ తాగుబోతు మొగుడైనా ఖర్చుపెట్టి వస్తాడు. నేను ఖర్చు కూడా పెట్టలేదు.

అక్కడి నుంచి అన్నం కూడా తినకుండా సైకిల్ తిప్పి లింగంపల్లి పోయాను. ఆదివారం దుకాణం మూసి ఉంది. వెనక ఇంటి తలుపు కొట్టాను. సేటు తింటున్నవాడు చెయ్యి కడుక్కుని వచ్చాడు. అతని ముందే దారం కోసి నోట్లు తీశాను. తీసుకోలేదు.

"పొద్దుగాల మా తమ్ముడు పట్నం తీస్కపోయిండు" అన్నాడు. "నిన్న దీపాలు పెట్టినంక గూడ గంట సేపు చూసిన. మీ ఇంటామె మొఖం చూసి ఆగిన. పైసలు జేబులనే ఉన్నయి గదా! మరి నిన్న నీకు ఏం రోగమొచ్చింది?"

 అతని తమ్ముడి వెనక పట్నం పోదామా అన్నాను. ఈపాటికి కరిగించే మూసలో పడి ఉంటాయన్నాడు. అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ముప్పై ఏళ్ళు వస్తున్న మగవాణ్ణి, పరాయి ఇంటి ముందు ఏడ్చాను. సేటు మంచినీళ్ళు ఇచ్చాడు. అమ్మకంలో తన బాకీ పోగా మిగిలింది తర్వాత పిలిచి ఇచ్చాడు కూడా, అతన్ని ఏమీ అనలేను.

మళ్ళీ ఖాజాగూడ చేరేసరికి పొద్దు వాలుతోంది. పందిరి గుంజ దగ్గర నిలబడి ఆమెకు చెప్పాను. ఏదో మాటామాటా అనుకున్నాం. ఏమనుకున్నామో నాకు గుర్తు లేదు, అలసటలో, అవమానంలో ఉన్నాను. గుర్తున్నదల్లా ఆమె మొహం పక్కకు తిప్పుకోవడం. పెళ్ళి మొదటి రోజు ఎండలో కొంగు మెడ చుట్టూ కప్పుకునే తిరిగింది. ఆ సాయంత్రమే వాళ్ళమ్మ కొంగు పక్కకు లాగి చూసింది.  తన మెడలోని గుండ్లు విప్పి కూతురి మెడకు కట్టింది. కట్టి, నాకు వినిపించేటట్టే అంది.

"పెండ్లి అయినంక నాకిచ్చి పో బిడ్డా. మీ ఇంటికి పోతే మళ్ళ రావు."

నాలుగో రోజు ఆమె విప్పి ఇచ్చేసింది. ఆ పెళ్ళిలో నా లైట్లు మూడు రాత్రులూ ఆగకుండా వెలిగాయి.

ఆ తర్వాత మా ఇంట్లో డబ్బు పద్ధతి మారిపోయింది. ప్రతి ఏడో తారీఖునా ఆమె ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేది. చంకలో బాబు, చేతిలో నాలుగు సంచులు. నేను కవరు చింపకుండా ఆమె చేతిలో పెట్టేవాణ్ణి. చాయ్ హోటల్ అతనికి, బట్టల అతనికి ఆమే ఇచ్చేది, వాళ్ళు ఎక్కువ చెబితే అక్కడే నిలదీసేది. "మీ మేనేజర్ వచ్చింది పో" అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి, ఆమెను కసురుకునేవాణ్ణి కూడా. కొన్నాళ్ళకు ఆ కవరు చెయ్యి మారగానే గుండెల మీది బరువు దిగినట్టుండేది. నష్టపు చిట్టీ పద్నాలుగు నెలలు కట్టింది. ఇంటి ఓనరుకు పడ్డ కిరాయి తీర్చింది. మా బాబు చదువుకున్నాడంటే ఆ నాలుగు సంచుల పుణ్యమే. మాదాపూర్ దగ్గర అప్పుడు ఎకరం ఎందుకు కొనలేదని ఇప్పుడు మా కోడలి తరఫు వాళ్ళు అడుగుతుంటారు. గుండ్లు విడిపించలేనివాణ్ణి ఎకరం అడుగుతారేమిటి అనుకుంటాను, పైకి నవ్వుతాను.

రెండు సంగతులు మాత్రం నాకు అర్థం కాకుండా ఉండిపోయాయి. ఆ పెళ్ళి తర్వాత ఆమె నా బట్టలకు సూది పెట్టలేదు. బొత్తాం ఊడినా దర్జీ దగ్గరికి పొమ్మనేది. రెండోది, రిటైరైనప్పుడు గుండ్లు చేయిద్దామన్నాను. వద్దంది. ఎంత బతిమాలినా వద్దంది. నా మీద కోపం ఇంకా పోలేదని అనుకున్నాను. ఉండటం న్యాయమే అని ఊరుకున్నాను.

పోయిన నెల మా మనవరాలిని డాక్టరుకు చూపించారు. పదేళ్ళ పిల్ల, బడిలో అన్నీ మర్చిపోతోందని. నేనూ వెంట పోయాను. డాక్టరమ్మ చాలా ప్రశ్నలు అడిగింది. ప్రతి ప్రశ్నకూ పిల్ల కంటే ముందు నేను లోపల అవునంటున్నాను. దీన్ని ఏ.డి.హెచ్.డి. అంటారని చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. మా కొడుకు, కోడలు, మనవరాలు ముగ్గురూ నా వైపు చూశారు.

చెప్పడానికి సిగ్గేమిటి, నాకు సంతోషం వేసింది. సేటు అడిగిన ప్రశ్నకు యాభై ఏళ్ళ తర్వాత జవాబు దొరికింది. ఇంటికి రాగానే నా భార్య దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె చిక్కుడుకాయలకు నార తీస్తోంది. బద్ధకం కాదంట, నిర్లక్ష్యం కాదంట, బుర్ర తీరే అంత అంట అన్నాను. కంటి ముందు ఉన్నదే ఉన్నట్టు, కనబడనిది లేనట్టే అంట అన్నాను. ఆమె చెయ్యి ఆగింది.

"కనవడకపోతే మరిచిపోతరా?" అని అడిగింది.

"అవును. డాక్టరమ్మే చెప్పింది."

"అయితే గా దినం నువ్వన్నదే నిజం."

"నేనేమన్న?"

"పందిరి గుంజ కాడ. 'జేబు మూతి కుట్టింది నువ్వు. కుట్టకపోతే చెయ్యి తగిలేది, పైసలు కండ్ల వడేటివి, యాదికొచ్చేది. నీ గుండ్లు నువ్వే పోగొట్టుకున్నవ్' అన్నవ్." ఏ కోపమూ లేకుండా, అంగట్లో ధర చెప్పినట్టు చెప్పింది. "నేను గదే అనుకుంటున్న అప్పటి సంది. మా అమ్మ ఇచ్చింది నా చేతులతోనే పోయిందని. అందుకే మళ్ళ సూది పట్టలే. గుండ్లు చేయిస్తనంటే గూడ అందుకే వద్దన్న."

నేను అన్నానా? ఎంత వెతుక్కున్నా నాకు గుర్తు లేదు. ఆమె అబద్ధం చెప్పదు. ఒక పూట కోపంలో అనేసి, తెల్లారి మర్చిపోయి, పెళ్ళి భోజనం తిని ఉంటాను. ఆమె ఆ మాటను యాభై ఏళ్ళు మోసింది. ఆమె నన్ను క్షమించలేదని నేను బాధపడుతూ కూర్చున్నాను, ఆమె తనను తాను క్షమించుకోకుండా నాకు వండి పెట్టింది. డాక్టరమ్మ ఇచ్చిన జవాబు దీనికి సరిపోదు. ఇది మర్చిపోవడం వల్ల జరిగింది కాదు, నేను నోటితో చేసింది.

చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు కుట్టినవ్ గాబట్టే పైసలు ఎక్కడియి అక్కడనే ఉన్నయి. కుట్టకపోతే గవి గూడ పోయేటివి. తప్పు నాది. గుండ్లు పోగొట్టింది నేను" అన్నాను.

రెండో చేత్తో పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడంటున్నవ్" అంది. "రేపు యాదుంటదా?"

రాసిపెడతానన్నాను. అందుకే ఇది రాశాను. జీతం కవరు ఇచ్చినట్టే ఈ కాగితాలు కూడా ఆమె చేతికే ఇస్తున్నాను. ఆమెకు చదవడం రాదు, ఎప్పుడు వినాలనిపిస్తే అప్పుడు నన్ను కూర్చోబెట్టి చదివించుకుంటుంది. నా దగ్గర ఉంచుకుంటే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.